పత్తి కట్టె, కైటోసాన్ గుళికలతో రంగు నీళ్ల శుద్ధి: కొత్తవాడ షెడ్డులో ఎంతవరకు పనికొస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హనుమకొండలో ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదువుతున్న మీరు పత్తి కట్టె పొడిని రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌తో కలిపి, అందులో రాగి నానో కణాలను నిలిపి గుళికలు చేశారు. క్షయకరణం చేసే సోడియం బోరోహైడ్రైడ్‌ను కలిపిన మిథైల్ ఆరెంజ్ అనే రంగు ద్రావణంలో వాటిని వేస్తే కొన్ని నిమిషాల్లోనే రంగు పోయింది. వరంగల్ కొత్తవాడలో దర్రీల నూలుకు రంగు అద్దే మీ మేనమామ గారి షెడ్డులో ఇవే గుళికలను ఒక డ్రమ్ములో నింపి, రంగు నీటిని దాని గుండా పంపితే మోరీలోకి మంచి నీరు పోతుందా అన్నది మీ ప్రశ్న. గుళికలు పనికొస్తాయి, బోరోహైడ్రైడ్ మాత్రం షెడ్డు గడప దాటి లోపలికి రాకూడదు. ఈ రెండు మాటలకూ కారణాలు వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ అంశం మీద ప్రాజెక్టు చేసే విద్యార్థుల్లో చాలామంది రంగు పోవడాన్నీ విషం పోవడాన్నీ ఒకటిగానే లెక్కవేస్తున్నారు.

ముందు పదార్థం సంగతి. రొయ్యల, పీతల పెంకుల్లో కాల్షియం కార్బొనేట్, మాంసకృత్తులు, కైటిన్ కలగలిసి ఉంటాయి. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్నీ, సజల క్షారంతో మాంసకృత్తులనూ తొలగించగా మిగిలిన కైటిన్‌ను 40 నుంచి 50 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో ఉడికిస్తే దాని ఎసిటైల్ సమూహాలు చాలావరకు ఊడిపోయి కైటోసాన్ అవుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రాకొన్నో 1811లో పుట్టగొడుగుల్లో గుర్తించిన కైటిన్‌ను 1859లో రూజే క్షారంలో మరిగించినప్పటి నుంచి పద్ధతి మూలంలో పెద్దగా మారలేదు. అంత గాఢమైన క్షారంతో ఇంట్లోనో షెడ్డులోనో ప్రయోగాలు చేయవద్దు. సముద్రం లేని మన జిల్లాల్లో పొడి కొనుక్కోవడమే మేలు, కొనేటప్పుడు డీఎసిటైలేషన్ శాతం, అంటే ఎసిటైల్ సమూహాలు ఎంత శాతం ఊడాయో, తప్పక అడిగి రాసుకోండి, ఎందుకంటే గుళిక చేసే పని మొత్తం ఆ ఊడిన చోట బయటపడిన అమైన్ సమూహాల మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ అమైన్ సమూహం రెండు రకాలుగా పనిచేస్తుంది. నత్రజని మీద ఉన్న ఎలక్ట్రాన్ల జంట రాగి, వెండి వంటి లోహ అయాన్లను పట్టి ఉంచుతుంది కనుక, తర్వాత వాటిని క్షయకరణం చేసినప్పుడు పుట్టే నానో కణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దకాకుండా చెదురుగా నిలుస్తాయి. పీహెచ్ సుమారు 6.5 కంటే తగ్గినప్పుడు అదే సమూహం ప్రోటాన్‌ను తీసుకుని ధనావేశం పొంది, ఋణావేశం గల రంగులను, క్రోమేట్‌ను తన వైపు లాక్కుంటుంది. ఇక పంట వ్యర్థం ఎందుకంటే, కైటోసాన్ ఒక్కదానితో చేసిన గుళిక మెత్తగా ఉండి నీటి బరువుకే నలుగుతుంది, ఎండితే ముడుచుకుపోయి రంధ్రాలు మూసుకుంటాయి. సెల్యులోజ్, లిగ్నిన్ ఉన్న పొడి దానికి ఎముకల గూడులా నిలబడుతుంది, ఖరీదైన కైటోసాన్ వాడకాన్ని తగ్గిస్తుంది, తనలోని కార్బాక్సిల్, ఫినాల్ సమూహాలతో మిథిలీన్ బ్లూ వంటి ధనావేశ రంగులను కూడా కొంత పట్టుకుంటుంది.

ఏ వ్యర్థం మంచిదన్న దానిలో మీ ఎంపికతో నేను పూర్తిగా ఏకీభవించను. పత్తి కట్టె మన చేలల్లో కావలసినంత దొరుకుతుంది, తగలబెట్టే బదులు వాడుకోవడం మంచి ఆలోచనే, కానీ దాన్ని మెత్తగా దంచడం ఒక యజ్ఞం. మక్కలు ఒలిచాక మిగిలే బెండ్లు తేలికగా నలుగుతాయి, వాటి లోపలి భాగం సహజంగానే గుల్లగా ఉంటుంది. నా చేతికి అవే ఎక్కువ నమ్మకంగా పనిచేశాయి. వరి ఊకలో బూడిదే 15 నుంచి 20 శాతం, అందులో ఎక్కువ భాగం సిలికా కాబట్టి గట్టిదనానికి మంచిది, పట్టుకునే శక్తి తక్కువ. ఏనుమాముల మార్కెట్‌లో గుట్టలుగా పడి ఉండే మిర్చి తొడిమలను ఒకసారి ఉత్సాహంగా తెచ్చాం, గ్రైండర్ మూత తీసిన రోజే ఆ ఉత్సాహం తీరిపోయింది. ఏది వాడినా వేడినీటితోనూ తర్వాత పల్చని క్షారంతోనూ, కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. అలా కడగకపోతే పొడి నుంచి దిగే గోధుమరంగు టానిన్లు మీరు శుద్ధి చేస్తున్నామనుకునే నీటికే కొత్త కాలుష్యాన్ని చేరుస్తాయి.

తయారీలో మీ పద్ధతి సరైనదే. 100 మిల్లీలీటర్ల 2 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 2 గ్రాముల కైటోసాన్‌ను రాత్రంతా కలియబెట్టి, జల్లించిన 4 గ్రాముల పొడిని కలిపి, లీటరుకు 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ ఉన్న ద్రావణంలోకి సిరంజితో చుక్కలుగా వేస్తే గుళికలు గడ్డకడతాయి. అయితే గ్లుటరాల్డిహైడ్‌తో గొలుసుల మధ్య అడ్డబంధాలు (క్రాస్‌లింకులు) వేశారో లేదో మీరు రాయలేదు. వేయకపోతే ఆమ్లపు నీటిలో గుళిక ఉబ్బి జారిపోతుంది. ఎక్కువ వేస్తే అది అమైన్ సమూహాలనే తినేస్తుంది కాబట్టి పట్టుకునే శక్తి పడిపోతుంది. ఎంత వేయాలో మీ గుళికల మీదే తేల్చుకోవాలి, పీహెచ్ 4 దగ్గర ఉంచిన నీటిలో ఒక రోజంతా ఆకారం చెడకుండా నిలిచే అతి తక్కువ మోతాదు చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ రాగి గుళికల వంటి ఉత్ప్రేరకాలను పరీక్షించడానికి ప్రయోగశాలల్లో అందరూ ఎంచుకునేది 4-నైట్రోఫినాల్. ఒకప్పుడు మన పత్తి చేలల్లో కొట్టిన మిథైల్ పారాథియాన్ విచ్ఛిన్నమైతే పుట్టే పదార్థమే ఇది. ఆ పురుగుమందును కేంద్ర ప్రభుత్వం 2018లో నిషేధించింది. బోరోహైడ్రైడ్ కలిపినప్పుడు నైట్రోఫినాల్ అయాన్‌గా మారి 400 నానోమీటర్ల దగ్గరి కాంతిని పీల్చుకుని (గ్రాఫులో అక్కడ శిఖరం కనిపిస్తుంది) పసుపుగా కనిపిస్తుంది. ఉత్ప్రేరకం లేకుంటే ఆ పసుపు గంటల తరబడి అలాగే ఉంటుంది. లోహ కణాన్ని వేయగానే దాని ఉపరితలం మీద బోరోహైడ్రైడ్ తన హైడ్రైడ్‌ను అందించడం, పక్కనే అతుక్కున్న నైట్రోఫినాల్ దాన్ని అందుకోవడం మొదలై 400 దగ్గరి శిఖరం పడిపోతూ 300 దగ్గర 4-అమైనోఫినాల్ శిఖరం లేస్తుంది. లోహ ఉపరితలం చురుకుగా ఉందా లేదా తెలుసుకోవడానికి ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు. కాకపోతే ఆ 4-అమైనోఫినాల్ నీటిలోనే ఉంది, అది మూత్రపిండాలకు హానికరమైన పదార్థం. పారాసిటమాల్ తయారీకి అది ముడిసరుకేనని చెప్పి సంతోషపడతారు కానీ, మోరీ నీటిలో అంత పల్చగా ఉన్నదాన్ని వేరుచేసి ఎవరూ తీసుకోరు.

రంగుల విషయంలో మోసం ఇంకా ఎక్కువ. చాలా ఏళ్ల కిందట మా దగ్గర ఒక విద్యార్థి మిథిలీన్ బ్లూ పూర్తిగా పోయిందని సంబరంగా ఫలితం రాసుకుని, ఫ్లాస్కును బల్ల మీదే వదిలి ఇంటికి వెళ్లాడు. తెల్లారి వచ్చేసరికి నీళ్లు మళ్లీ నీలంగా ఉన్నాయి. క్షయకరణంతో అది రంగులేని ల్యూకో రూపంలోకి మారుతుంది, బోరోహైడ్రైడ్ అయిపోయాక గాలిలోని ఆక్సిజన్ తగలగానే తిరిగి నీలమవుతుంది. ఆ రాత్రి నుంచి మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం: ఏ ఫలితాన్నైనా మూత తీసి ఒక రాత్రి ఉంచాకే పుస్తకంలో రాయాలి. మీ మిథైల్ ఆరెంజ్‌తో ఆ బాధ లేదు, దానిలో రెండు నత్రజని పరమాణువులను కలిపే అజో బంధం నిజంగానే తెగుతుంది. తెగినప్పుడు వచ్చేవి సల్ఫానిలిక్ ఆమ్లం, డైమిథైల్ పారా-ఫినైలీన్‌డైఅమైన్ అనే రెండు అమైన్లు. 464 నానోమీటర్ల శిఖరం మాయమైనప్పుడు 250 ప్రాంతంలో ఏం లేచిందో మీ గ్రాఫులో చూడండి. కాంగో రెడ్‌ను ఇదే విధంగా తెంచితే బెంజిడిన్ వస్తుంది, అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన పదార్థం. ఇలాంటి అమైన్లను విడుదల చేస్తాయన్న కారణంగానే మన దేశంలో 112 అజో రంగుల మీద 1990లలో నిషేధం విధించారు. రంగుగా ఉన్నప్పుడు కంటికి కనిపించి హెచ్చరించేదాన్ని కనిపించని రూపంలోకి మార్చి మోరీలోకి వదలడం శుద్ధి అనిపించుకోదు.

బోరోహైడ్రైడ్‌ను ఎందుకు వద్దంటున్నానో లెక్క వేసి చూపిస్తాను. షెడ్డు నుంచి రోజుకు 500 లీటర్ల నీరు పోతుందనుకుందాం. మీరు వాడినట్టు లీటరుకు 10 మిల్లీమోల్‌ల చొప్పున వేస్తే రోజుకు దాదాపు 190 గ్రాముల సోడియం బోరోహైడ్రైడ్ కావాలి. దాని ధర ఎంతో మీరు సరుకులు కొనే దుకాణంలో అడిగితేనే సగం చర్చ ముగుస్తుంది. అందులోని బోరాన్ ఎక్కడికీ పోదు, బోరేట్‌గా నీటిలోనే మిగిలి లీటరుకు 108 మిల్లీగ్రాముల దగ్గర తేలుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 బోరాన్‌కు 0.5 మిల్లీగ్రాములను వాంఛనీయ పరిమితిగా పెట్టింది. నిమ్మ, బత్తాయి వంటి చెట్లు 1 మిల్లీగ్రామును కూడా సరిగా ఓర్చుకోలేవు. ఇదిగాక ఆ 190 గ్రాములు నీటితో పూర్తిగా చర్య జరిపితే సుమారు 480 లీటర్ల హైడ్రోజన్ వాయువు వస్తుంది, పక్కనే కట్టెల పొయ్యి మీద రంగు తొట్టి కాగుతున్న రేకుల షెడ్డులో దాని అర్థమేమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు.

మీ బీకరులోని నీటికీ షెడ్డు నీటికీ ఉన్న తేడా మరొక అడ్డంకి. పత్తి నూలుకు రియాక్టివ్ రంగులు అద్దేటప్పుడు లీటరుకు 30 నుంచి 80 గ్రాముల ఉప్పు, దాని మీద సోడా బూడిద వేస్తారు. నీటి పీహెచ్ 11 చుట్టూ ఉంటుంది, వేసిన రంగులో 20 నుంచి 40 శాతం నూలుకు పట్టకుండా బయటకే వస్తుంది. ఆ పీహెచ్ దగ్గర కైటోసాన్ అమైన్ల మీద ఆవేశమే ఉండదు. దానికితోడు ఉప్పు అయాన్లు అడ్డుపడి మిగిలిన ఆకర్షణను కూడా కప్పేస్తాయి. స్వేదన జలంలో గ్రాముకు వందల మిల్లీగ్రాములు పట్టిన గుళిక షెడ్డు నీటిలో అందులో కొంత భాగమే పట్టుకుంటే ఆశ్చర్యపోవద్దు. అందుకని మీ తర్వాతి ప్రయోగం మిథైల్ ఆరెంజ్‌తో కాకుండా మేనమామ గారి దగ్గర నుంచి తెచ్చిన క్యాను నీటితోనే చేయండి. దానితోపాటు లోహం లేని గుళిక, పొడి ఒక్కటే, కైటోసాన్ ఒక్కటే విడివిడిగా పరీక్షించండి. రాగి లేని గుళిక కూడా సగం రంగును పీల్చుకుందంటే ఉత్ప్రేరకం చేసిందని మీరు రాసుకున్నదాంట్లో సగం అధిశోషణమే, అంటే రంగు గుళికకు అంటుకోవడమే.

మరి షెడ్డులో ఏం చేయాలి? నా సలహా గుళికల కంటే ముందు మొదలవుతుంది. రంగు తొట్టిలో చివరికి మిగిలే ఉప్పు నీటిని, తర్వాతి కడుగుడు నీటిని కలపకుండా వేరువేరుగా పట్టండి. ఉప్పును తీసివేసే శక్తి ఈ పదార్థాల్లో దేనికీ లేదు, వీలైనంతవరకు ఆ ఉప్పు నీటినే తర్వాతి ముదురు రంగుకు మళ్లీ వాడుకోవాలి. కడుగుడు నీటిని ఒక తొట్టిలో నిలిపి, ఆమ్లంతో పీహెచ్‌ను 5 లేదా 6కు తెచ్చి, కరిగించిన కైటోసాన్‌ను నేరుగా అందులో కలిపి చూడండి. గుళికలు, నానో కణాలు ఏవీ లేకుండానే రంగు పోగుల్లా గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. లీటరు నీటికి 25, 50, 100, 150, 200 మిల్లీగ్రాముల మోతాదులతో వరుసగా ఐదు బీకర్లు పెడితే ఏది చాలో తెలుస్తుంది. ఎక్కువ వేస్తే మేలన్న ఆలోచన ఇక్కడ తప్పు, మోతాదు మించితే రంగు కణాల ఆవేశం తారుమారై అవి మళ్లీ నీటిలో తేలిపోతాయి. ఇలా నేరుగా నీటిలో కలిపే కైటోసాన్‌ను, గుళికల తయారీలోలా, ఎసిటిక్ ఆమ్లంలో కరిగించవద్దు. 1 శాతం ఆమ్లంలో 1 శాతం కైటోసాన్ ద్రావణం చేసి 100 మిల్లీగ్రాముల మోతాదు వేస్తే, ఆ ఆమ్లమే సీఓడీని (నీటిలోని పదార్థాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ కొలతను) లీటరుకు 107 మిల్లీగ్రాములు పెంచుతుంది, ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి ఉన్న మొత్తం పరిమితే 250. పల్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే ఈ గొడవ ఉండదు.

అలా గడ్డకట్టాక పైన తేరిన నీటిని మీ గుళికల గుండా పంపండి, రాగి లేని గుళికలు చాలు. ఇక్కడా లెక్క వేసుకోండి. లీటరుకు 100 మిల్లీగ్రాముల రంగున్న 500 లీటర్ల నీటిలో 50 గ్రాముల రంగు ఉంటుంది. గ్రాము గుళిక 100 మిల్లీగ్రాములు పడుతుందని ఉదారంగా అనుకున్నా రోజుకు అరకిలో ఎండు గుళికలు కావాలి, మీ ద్రావణంలో ఘనపదార్థం సుమారు 6 శాతమే కాబట్టి తడి గుళికలు 8 కిలోలు దాటతాయి. మొత్తం భారం గుళికల మీదే వేస్తే రోజంతా సిరంజి పట్టుకుని కూర్చోవాలి. కైటోసాన్ ముందే 80 శాతం రంగును దించితే గుళికలకు మిగిలేది ఐదో వంతే. నిండిన గుళికలను కొద్దిపాటి క్షారం, ఉప్పు కలిపిన నీటితో కడిగితే రంగు ఒకటి రెండు బకెట్ల చిక్కటి ద్రావణంగా దిగుతుంది. లోహ ఉత్ప్రేరకానికి అసలు చోటు ఆ బకెట్టులోనే ఉంది. 500 లీటర్లకు బదులు 20 లీటర్ల మీద పనిచేయడం వల్ల రసాయనం ఖర్చు, కాపలా రెండూ చేతిలో ఉంటాయి.

ఆ బకెట్టులో కూడా క్షయకరణం కన్నా ఆక్సీకరణం మంచిది. బ్రిటిష్ రసాయనశాస్త్రజ్ఞుడు ఫెంటన్ 1894లో వెల్లడించిన ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్యలో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ అజో బంధంతో ఆగదు. తగినంత సమయమిస్తే అమైన్లను, వలయాలను కూడా విరగ్గొట్టి చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీరు దాకా తీసుకుపోగలదు. అయితే ఆ చర్య పీహెచ్ 3 దగ్గర బాగా సాగుతుంది, అదే రాడికల్ కైటోసాన్ గొలుసును కూడా తెంచుతుంది. ఇనుమును కైటోసాన్ గుళికలో పెట్టి ఫెంటన్ చేస్తే గుళికలు వారాల్లో మెత్తబడటం నేను చూశాను. అందుకని ఇనుమును మోయడానికి కైటోసాన్‌కు బదులు, గాలి తక్కువగా అందేలా మక్క బెండ్లను కాల్చి చేసిన బొగ్గును వాడండి. చర్య అయిందో లేదో కంటితో చూసి చెప్పవద్దు, సీఓడీ కొలిచి చెప్పండి.

మీ గుళికలకు నిజంగా తగిన పని ఒకటుంది, అది విషపూరితమైన ఆరు సంయోజకత గల క్రోమియాన్ని (నీటిలో క్రోమేట్‌గా ఉండేదాన్ని) తొలగించడం. లోహాలకు క్రోమియం పూత వేసే (ఎలక్ట్రోప్లేటింగ్) చిన్న యూనిట్ల నీటిలో అది ఉంటుంది. పీహెచ్ 3, 4 మధ్య ధనావేశంతో ఉన్న అమైన్లు క్రోమేట్‌ను లాక్కుంటాయి, పంట పొడిలోని ఫినాల్ సమూహాలు దాన్ని మూడు సంయోజకత గల క్రోమియంగా మారుస్తాయి, పీహెచ్ పెంచాక అమైన్లు ఆ క్రోమియాన్ని తమ దగ్గరే నిలుపుకుంటాయి. బోరోహైడ్రైడ్ లేదు, రాగి లేదు, కాలుష్యం నీటిలో నుంచి బయటికి వస్తుంది. డైఫినైల్ కార్బజైడ్ కలిపి 540 నానోమీటర్ల వద్ద కొలిస్తే ఆరు సంయోజకత మిగిలిందో లేదో తేలుతుంది, మొత్తం క్రోమియాన్ని మాత్రం విడిగా కొలవాలి. తాగునీటి పరిమితి మొత్తం క్రోమియానికి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. మీ ప్రాజెక్టుకు ఇంకా గడువు ఉంటే దీని వైపు తిరగమని గట్టిగా చెబుతాను.

ఇక రాగి గుళికలతోనే ముందుకు వెళ్లదలిస్తే, ప్రతి దఫా తర్వాత బయటికి వచ్చిన నీటిలో రాగిని కొలవండి. ఐదు దఫాలు పనిచేసిందని రాస్తే థీసిస్‌కు చాలు, షెడ్డుకు వందల దఫాలు కావాలి. రాగి కణాలు గాలికి ఆక్సైడ్‌గా మారడం, ఆమ్లం తగిలితే కరిగి దిగిపోవడం రెండూ సహజమే. తాగునీటిలో రాగి వాంఛనీయ పరిమితి 0.05 మిల్లీగ్రాములైతే, వదిలే నీటికి 3 మిల్లీగ్రాములు. దిగుతున్న రాగి ఈ రెండో అంకెకు దరిదాపుల్లో ఉన్నా ఆ గుళికలను పక్కన పెట్టేయండి. గుళికలు పంట వ్యర్థంతో చేసినవే కదా అని వాడేసిన వాటిని పొలంలోనో పెంటకుప్పలోనో కలపడం పొరపాటు, అందులో ఉన్న రాగి, క్రోమియం, రంగు అన్నీ వానకు తిరిగి దిగుతాయి. కైటోసాన్‌తో అడుగుకు చేరిన బురదకు కూడా ఇదే వర్తిస్తుంది. రెండింటినీ ఎండబెట్టి, మూత ఉన్న డబ్బాలో తేదీ, బరువు రాసి దాచి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడిగి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే హైదరాబాద్ దగ్గరి దుండిగల్ కేంద్రానికి పంపే దారి చూసుకోవాలి. ఒక్క షెడ్డు బురద కోసం లారీ రాదు కాబట్టి, కొత్తవాడలోని నాలుగైదు షెడ్ల వాళ్లు కలిసి ఒకేచోట పోగుచేసేందుకు ఒప్పుకుంటారేమో గుళికలు చేయడానికి ముందే మీ మేనమామ గారిని కనుక్కోమనండి.